అడోమ్నాన్ రాసిన కొలంబా చరిత్రను ఎలా చదవాలి

ఐర్లండ్‌లో పుట్టి, స్కాట్లండ్ పడమటి తీరానికి చేరువలో ఉన్న ఐయోనా అనే చిన్న దీవిలో మఠం స్థాపించి, 597 జూన్ 9న అక్కడే కన్నుమూసిన పునీత కొలంబా గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఒకే ఒక్క పుస్తకం నుంచి వచ్చింది. అదే మఠానికి తొమ్మిదో అధిపతి అయిన అడోమ్నాన్, కొలంబా పోయిన సుమారు నూరేళ్లకు, దాన్ని లాటిన్ భాషలో రాశారు. ఆ పుస్తకాన్ని మొదటిసారి తెరిచిన పాఠకులు సాధారణంగా రెండు తోవల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు ప్రతి అద్భుతాన్నీ నిన్నటి వార్తలాగా నమ్ముతూ పోతారు. మరికొందరు పది అధ్యాయాలు తిరగేసి, ఇదంతా కల్పన అని మూసేస్తారు. ఈ రెండు తోవల్లోనూ పుస్తకం చేజారిపోతుంది కాబట్టి, చేజారకుండా చదివే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను. పునీతుల చరిత్రలను భక్తితో చదివేవారికీ, చరిత్ర కోసం చదివేవారికీ ఈ పద్ధతి సమానంగా పనికివస్తుందని నా నమ్మకం.

పుస్తకం తెరిచే ముందు కొన్ని సంవత్సరాలను ఒక కాగితం మీద రాసుకొని పక్కన పెట్టుకోండి. కొలంబా పుట్టుక సుమారు 521. ఆయన బంధువర్గం పాల్గొన్న కూల్ డ్రెమ్నె యుద్ధం 561. పన్నెండుమంది సహచరులతో ఆయన సముద్రం దాటింది 563. మరణం 597. ఆ కింద ఒక గీత గీసి, అడోమ్నాన్ జననం సుమారు 624 అనీ, మఠాధిపతి అయింది 679లో అనీ, పుస్తకం రాసింది 700కు కాస్త అటూ ఇటూ అనీ, మరణం 704 అనీ రాయండి. ఆ గీత చాలా ముఖ్యం. రచయిత తాను వర్ణిస్తున్న మనిషిని ఎన్నడూ చూడలేదని, అయితే ఆయన నడిచిన నేల మీదే నడిచి, ఆయన స్థాపించిన మఠంలోనే ప్రార్థించి, ఆయన చేతిరాత పుస్తకాలను తాకాడని ఆ గీత ప్రతి పేజీలోనూ గుర్తు చేస్తుంది. సముద్రం దాటిన సంవత్సరం 565 అని ఇంగ్లండ్ చరిత్రకారుడు బీడ్ రాసినట్టు వేరే చోట మీకు కనిపించవచ్చు. యుద్ధం జరిగిన రెండేళ్లకు, నలభై రెండో ఏట బయలుదేరారని అడోమ్నాన్ చెబుతున్నారు. ఇంటివాడి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

చివరి అధ్యాయంతో మొదలుపెట్టండి

ఈ పుస్తకం పుట్టుకతో మొదలై మరణంతో ముగిసే జీవితచరిత్ర కాదు. దీనికి మూడు భాగాలున్నాయి. మొదటిదాంట్లో కొలంబా ముందుగా చెప్పిన సంగతులు, రెండోదాంట్లో ఆయన చేసిన అద్భుతాలు, మూడోదాంట్లో దేవదూతల దర్శనాలు వస్తాయి. ప్రతి భాగంలోనూ ఆయన వయసు ముందుకూ వెనక్కూ దూకుతుంది. మొదటి పేజీ నుంచి వరుసగా చదివితే, ఎప్పుడు ఏం జరిగిందో అందక విసుగు పుడుతుంది. అందుకే మూడో భాగపు చివరి అధ్యాయాన్ని, అంటే కొలంబా చివరి రోజుల కథను, ముందుగా చదవమని నా సలహా. మనిషి మీద ప్రేమ కుదిరాక మిగతాది చదవడం సులువు.

ఆ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. మే నెలలో ముసలి కొలంబా బండి ఎక్కి, దీవి పడమటి వైపు పొలంలో పనిచేస్తున్న సహోదరులను చూడటానికి వెళ్తారు. ఏప్రిల్‌లో పునరుత్థాన పండుగ రోజుల్లోనే వెళ్లిపోవాలని ఉండేదనీ, మీ పండుగ దుఃఖంగా మారకూడదని ఆగాననీ వారితో చెబుతారు. జూన్‌లో ఒక శనివారం నాడు, సేవకుడు డియార్మెట్‌ను వెంటబెట్టుకొని గాదె దగ్గరకు వెళ్లి, అక్కడి రెండు ధాన్యపు రాశులను దీవించి, తాను పోయినా ఈ ఏడాదికి మీకు తిండి చాలుతుందని సంతోషిస్తారు. మఠానికి తిరిగి వస్తూ సగం దారిలో కూర్చుంటారు. పొలం నుంచి మఠానికి పాలపాత్రలు మోసే తెల్ల గుర్రం వచ్చి, ఆయన ఒడిలో తల పెట్టి కన్నీరు కారుస్తుంది. డియార్మెట్ తోలబోతే, మనల్ని ప్రేమించే ప్రాణిని ఏడవనీ అంటారు.

తరువాత మఠం కనబడే చిన్న గుట్ట ఎక్కి దీవించి, కుటీరానికి దిగివచ్చి, కీర్తనల గ్రంథానికి నకలు రాస్తూ ఒక చరణం దగ్గర కలం ఆపి, ఈ పేజీ ఇక్కడితో ముగించాలి, తరువాతిది బైథేనె రాస్తాడు అంటారు. ఈ ఘట్టానికి వచ్చాక తెలుగు బైబిలు పక్కన పెట్టుకోండి. అడోమ్నాన్ దాన్ని 33వ కీర్తన అంటారు, కానీ లాటిన్ బైబిలు లెక్క వేరు కనుక మన బైబిలులో అది 34వ కీర్తన అవుతుంది. యెహోవాను వెదికేవారికి ఏ మేలూ కొదువ కాదనే పదో వచనం దగ్గర కొలంబా ఆపారు. పిల్లలారా వచ్చి నా మాట వినండి అనే పదకొండో వచనం బైథేనెకు మిగిలింది. వెళ్లిపోయే తండ్రికి ఆ వచనం, పిల్లలకు బోధించవలసిన కొత్త మఠాధిపతికి ఈ వచనం సరిగ్గా తగినవని అడోమ్నానే విప్పి చెబుతారు. ఈయన ఎంత జాగ్రత్తగల రచయితో మీకు అర్థమయ్యేది ఇక్కడే. కీర్తనల సంఖ్యలో ఈ ఒక్క అంకె తేడా తెలియకపోతే ఈ అందమంతా జారిపోతుంది.

ఆ రాత్రి నడిజాము గంట మోగగానే కొలంబా అందరికంటే ముందు గుడిలోకి పరుగెత్తుతారు. డియార్మెట్ చీకటిలో తడుముకుంటూ, తండ్రీ ఎక్కడున్నావు అని ఏడుస్తూ వెతుకుతాడు. దీపాలు ఇంకా రాలేదు. బలిపీఠం ముందు పడి ఉన్న గురువు తల ఒడిలోకి తీసుకొని, సహోదరులను దీవించడానికి ఆయన కుడిచేతిని తానే పైకెత్తుతాడు.

ప్రతి అధ్యాయాన్నీ రెండుసార్లు చదవండి

ఇప్పుడు మొదటి భాగానికి తిరిగి రండి. ఇక్కడి నుంచి పద్ధతి ఇది. ఒక అధ్యాయాన్ని మొదటిసారి చదివేటప్పుడు, అడోమ్నాన్ దేన్ని నిరూపించదలిచారో అడగండి. రెండోసారి చదివేటప్పుడు, నిరూపించే ఉద్దేశం ఏమీ లేకుండా, కథ నడవడానికి మాత్రమే ఆయన ఏయే వస్తువులను, మనుషులను, అలవాట్లను ప్రస్తావించారో అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు ఏడో శతాబ్దపు చివరి ఐయోనా విశ్వాసాన్ని చెబుతుంది. రెండో ప్రశ్నకు జవాబు ఆ మఠపు రోజువారీ జీవితాన్ని చెబుతుంది. అద్భుతాన్ని రాసేటప్పుడు రచయిత మనసంతా అద్భుతం మీదే ఉంటుంది కనుక, పక్కనున్న పడవ గురించో తడిక గురించో అబద్ధం ఆడవలసిన అవసరం ఆయనకు ఉండదు.

మొదటి భాగం 48వ అధ్యాయంలోని కొంగ కథ మీద దీన్ని ప్రయత్నించి చూడండి. కొలంబా ఒక సహోదరుణ్ణి పిలిచి, నేటి నుంచి మూడో రోజున దీవి పడమటి ఒడ్డున కాచుకొని ఉండమంటారు. ఉత్తర ఐర్లండ్ నుంచి ఒక కొంగ గాలి దెబ్బలు తిని, పగలు తొమ్మిదో గడియ దాటాక, అలసి ఇసుకలో పడిపోతుందనీ, దాన్ని మెల్లగా ఎత్తుకొని దగ్గరలోని ఇంటికి తీసుకెళ్లి మూడు పగళ్లు మూడు రాత్రులు మేపమనీ, ఆపైన అది పరాయి చోట ఉండనొల్లక మళ్లీ ఐర్లండ్‌కు ఎగిరిపోతుందనీ చెబుతారు. అది మన పుట్టిన నేల నుంచి వస్తోంది కాబట్టే నీకు ఇంతగా అప్పగిస్తున్నాను అంటారు. అంతా అలాగే జరుగుతుంది.

మొదటి చదువులో ఇది ముందుచూపు కథ. అందుకే మొదటి భాగంలో ఉంది. రెండో చదువులో దీవికి పడమటి ఒడ్డు దగ్గర ఒక ఇల్లు ఉందనీ, రోజును గడియలుగా లెక్కించేవారనీ, అతిథికి మూడు రోజుల ఆతిథ్యం ఇచ్చేవారనీ తెలుస్తుంది. ఆ తరువాత కాసేపు ఆగండి. పరదేశంలో బతకడం అనే అర్థం వచ్చే లాటిన్ మాటను అడోమ్నాన్ ఆ పక్షికి వాడారు. ఐరిష్ సన్యాసులు దేవుని కోసం సొంత నేలను వదిలిపోవడాన్ని చెప్పే మాట అదే. ముప్పై నాలుగేళ్లు పరాయి నేల మీద గడిపిన మనిషి, మూడు రోజులకే ఇంటికి పోగల పక్షి మీద అంత శ్రద్ధ పెట్టాడని చెప్పడంలో, నా దృష్టిలో, ఈ పుస్తకంలోకెల్లా లోతైన మనసు ఉంది. అడోమ్నాన్ దాన్ని ఎక్కడా వివరించరు.

రెండో భాగం 27వ అధ్యాయం మరింత పేరుపొందినది, అందువల్ల మరింత పాడైపోయినది. ఉత్తర స్కాట్లండ్‌లో ఉండిన పిక్టులు అనే ప్రాచీన జాతి దేశంలో నెస్ నదిని దాటబోతూ, నీటిజంతువు కరిచి చంపిన ఒక మనిషిని అక్కడివారు పాతిపెడుతుండగా కొలంబా చూస్తారు. అయినా అవతలి ఒడ్డున కట్టి ఉన్న పడవను తెమ్మని శిష్యుడు లుగ్నెను ఈదమంటారు. జంతువు నోరు తెరిచి మీదికి వస్తుంది. కొలంబా చేయెత్తి సిలువ గుర్తు వేసి వెనక్కి పొమ్మనగానే, తాళ్లతో లాగినట్టు పారిపోతుంది. దీన్ని ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన లాక్ నెస్ సరస్సు వింతజంతువుకు మొదటి సాక్ష్యంగా చాలామంది ఎత్తిచూపుతారు. ముందుగా ఇది సరస్సు కాదు, నది అని గమనించండి. తరువాత, అడోమ్నాన్ తనకు ఆదర్శంగా పెట్టుకున్న పాత పుస్తకాలను గుర్తు చేసుకోండి. తూర్ పట్టణపు పునీత మార్టిన్ గురించి సల్పిషియస్ సెవెరస్ రాసిన వాటిలో, నదిని ఈదుతూ వస్తున్న పామును ఆయన ఆజ్ఞతో వెనక్కి మళ్లించిన ఘట్టం ఉంది. ఈజిప్టు ఎడారి పునీతుడు ఆంతోనీ చరిత్రలోనూ క్రూర జంతువులు లొంగుతాయి. మా కొలంబా వారికి తీసిపోడని చెప్పడమే అడోమ్నాన్ ఉద్దేశం. ఇక రెండో చదువులో మీకు చిక్కేవి వేరు: పిక్టులు క్రైస్తవులు కాని కాలం, వారు చనిపోయినవారిని పాతిపెట్టడం, పడవ దాటింపు, గురువు మాటకు ఎదురు చెప్పకుండా అంగీతోనే నీళ్లలోకి దూకిన శిష్యుడి విధేయత.

ఇలా రెండోసారి చదివేటప్పుడు ఏరుకున్న వాటిని ఒక పుస్తకంలో విడిగా రాసుకుంటూ వెళ్తే, కొన్ని వారాల్లో మఠమంతా మీ కళ్ల ముందు నిలుస్తుంది. అతిథుల ఇల్లు కట్టడానికి తడికెల కర్రలు ఒక గృహస్థుడి భూమి నుంచి తెచ్చి, నష్టపరిహారంగా ఆయనకు ఆరు కొలతల బార్లీ పంపడం, జూన్ నడిమి దాటాక విత్తిన ఆ బార్లీ ఆగస్టు మొదట్లోనే కోతకు రావడం రెండో భాగంలో ఉన్నాయి. జలసంధి అవతల నిలబడి పడవ కోసం కేకలు వేసే మనుషులు, కొమ్ముతో చేసిన సిరాబుడ్డిని తొందరలో ఒలకబోసే అతిథి, మఠానికి చెందిన సీల్ జంతువులను దొంగిలించడానికి బోర్లించిన పడవ కింద దాక్కున్న దొంగ మొదటి భాగంలో కనిపిస్తారు. ఆ దొంగను పట్టి తెచ్చాక కొలంబా గొర్రెలను కోయించి ఇచ్చి, ఆకలైతే మమ్మల్ని అడుగు అని పంపిస్తారు.

కొలంబా రాసుకునే కుటీరం కూడా కల్పన కాదనడానికి నేల సాక్ష్యం ఉంది. ఎత్తైన చోట కట్టిన చిన్న కుటీరంలో కొలంబా రాసుకునేవారని అడోమ్నాన్ పలుమార్లు అంటారు. ఐయోనాలో గుడికి ఎదురుగా ఉన్న తోర్ అన్ అబ అనే గుట్ట మీద 1957లో తవ్వి తీసిన బొగ్గును, 2017లో ప్రకటించిన పరీక్షల్లో 540కీ 650కీ మధ్య కాలానిదిగా తేల్చారు. కొలంబా ఐయోనాలో ఉన్న కాలమంతా ఆ వ్యవధిలోనే ఇమిడిపోతుంది.

ఎవరు ఎవరికి చెప్పారు

అధ్యాయం చివరి వాక్యాలను ఎప్పుడూ దాటేయకండి. చాలా చోట్ల అడోమ్నాన్ ఈ సంగతి తనకు ఎలా చేరిందో అక్కడ చెబుతారు. కొలంబా క్లోన్‌మెక్‌నోయ్స్ మఠానికి వెళ్లినప్పుడు ఎర్నేనె అనే బాలుడు వెనుక నుంచి వచ్చి ఆయన వస్త్రపు అంచు తాకాడట. అందరూ కసురుకున్న ఆ బాలుణ్ణి ఆయన దగ్గరకు తీసి దీవించారట. పెద్దయ్యాక ఎర్నేనె ఈ సంగతిని ఐయోనా మఠాధిపతి షేగేనెకు చెబుతుండగా ఫాల్బె విన్నారనీ, ఆ ఫాల్బె నోటి నుంచి తాను విన్నాననీ అడోమ్నాన్ రాశారు. ఫాల్బె అడోమ్నాన్‌కు ముందు మఠాధిపతి. అంటే బాలుడికీ పుస్తకానికీ మధ్య ఉన్నది ఒక్క మనిషి. ఇలాంటి గొలుసు ఉన్న అధ్యాయాలకు మీ పుస్తకంలో ఒక గుర్తు, ఫలానా వృద్ధులు చెప్పారు అని మాత్రమే ఉన్నవాటికి మరో గుర్తు, ఏ ఆధారమూ చెప్పనివాటికి ఇంకొకటి పెట్టుకోండి.

రచయిత తానే చూసిన ఘట్టాలు కూడా ఉన్నాయి, వాటిని వదలకూడదు. రెండో భాగం చివరలో, వసంతకాలపు కరువులో సన్యాసుల్లో కొందరు పెద్దలు కొలంబా తెల్లని అంగీని, ఆయన చేతిరాత పుస్తకాలను తీసుకొని, కొత్తగా దున్ని విత్తిన పొలం చుట్టూ తిరిగి, అంగీని మూడుసార్లు గాలిలో విదిలించి, దేవదూతల గుట్ట మీద ఆ పుస్తకాలు చదివారనీ, ఆ రోజే వాన కురిసిందనీ ఆయన చెబుతారు. ఇది ఆరో శతాబ్దపు సంగతి కాదు. రచయిత కాలంలో, రచయిత కళ్ల ముందు, చనిపోయి తొంభై ఏళ్లకు దగ్గరవుతున్న గురువును ఆ మఠం ఇంకా తన ఇంటి పెద్దగానే ఎలా చూసుకుందో చెప్పే సాక్ష్యం.

తరువాతి కథలను విడదీయండి

కొలంబా పేరు చెప్పగానే వినిపించే కథలు కొన్ని ఈ పుస్తకంలో లేవు. గురువు ఫిన్నియన్ దగ్గరున్న పుస్తకానికి ఆయన రహస్యంగా నకలు రాశారనీ, ఆవుదే దూడ అయినట్టు పుస్తకానిదే నకలు అని రాజు డియార్మెట్ (పేరు ఒకటే అయినా సేవకుడు వేరు) తీర్పు చెప్పాడనీ, దాని మీదే యుద్ధం జరిగిందనీ చెప్పే కథ వాటిలో మొదటిది. అది 1532లో మనుస్ ఓ డానెల్ కూర్చిన ఐరిష్ చరిత్ర ద్వారా బాగా వ్యాపించింది. ఆ నకలే ఇదని చెప్పుకొనే కాథాక్ అనే కీర్తనల ప్రతి డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఉంది. దానిలో మిగిలినవి 58 ఆకులు. ప్రతి నిజంగానే ప్రాచీనమైనది, కానీ తగవు కథ దానికంటే చాలా తరువాతిది. అడోమ్నాన్ చెప్పేదల్లా, చిన్నపాటి కారణాలకు ఒక సభ కొలంబాను అన్యాయంగా వెలివేసిందనీ, బిర్ మఠానికి చెందిన బ్రెండన్ ఆయన పక్షాన లేచి నిలిచారనీ మాత్రమే.

రెండోది, యుద్ధంలో పోయిన ప్రాణాలకు ప్రాయశ్చిత్తంగా ఇక ఎన్నడూ ఐర్లండ్ నేల తొక్కనని ఒట్టు పెట్టుకొని వెళ్లారనే కథ. కొలంబా ఐర్లండ్‌లో డరో మఠం స్థాపిస్తూ నెలల తరబడి ఉన్నారనీ, డ్రమ్ కెట్ రాజుల సభకు వెళ్లారనీ అడోమ్నాన్ మామూలుగా చెప్పుకుంటూ పోతారు. కొంగ కథలోని బెంగకు ఒట్టు అవసరం లేదు. ఇలాంటి కథ ఏది విన్నా, అది అడోమ్నాన్ దగ్గర ఉందా, లేకపోతే మొదట ఏ శతాబ్దంలో కనిపిస్తుంది అని అడిగి, ఆ శతాబ్దం పేరు పక్కన రాసుకోండి.

ఇంత చదివాక, ఈ పుస్తకం ఎందుకు రాయవలసి వచ్చిందనే ప్రశ్న మీకే తట్టుతుంది. 664లో ఉత్తర ఇంగ్లండ్‌లోని విట్బీ సభలో పునరుత్థాన పండుగ తేదీని లెక్కించే పద్ధతి మీద వాదన జరిగి, రోమన్ పద్ధతి ముందు ఐయోనా పద్ధతి ఓడిపోయింది. కొలంబా పునీతత్వం మీదే అక్కడ రోమన్ పక్షాన వాదించిన విల్‌ఫ్రిడ్ సందేహపు నీడ వేశాడని బీడ్ రాశారు. 680ల్లో ఉత్తర ఇంగ్లండ్ రాజ్యమైన నార్తంబ్రియాకు వెళ్లిన అడోమ్నాన్ రోమన్ లెక్కను ఒప్పుకొని వచ్చారు, కానీ సొంత మఠాన్ని ఒప్పించలేకపోయారు. ఐయోనా మారింది 716లో, ఆయన పోయిన పన్నెండేళ్లకు. అటు బయటివారు గురువును తక్కువ చేస్తున్నారు, ఇటు ఇంటివారు మాట వినడం లేదు. ఆ నడుమ నిలబడి, గురువు గొప్పతనం పండుగ లెక్క మీద ఆధారపడలేదని ఇరువైపులకూ చూపడానికే ఆయన ఇది రాశారని నాకు అనిపిస్తుంది. సముద్రం చివర ఉన్న చిన్న దీవిలో బతికినా కొలంబా పేరు స్పెయిన్, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), ఇటలీ దాటి రోము దాకా చేరిందని పుస్తకం చివర ఆయన గర్వంగా రాసుకున్నారు.

పేర్ల దగ్గర తడబడకండి. కొలంబా అన్నా, గుడి పావురం అని అర్థమిచ్చే కొలమ్ కిల్లె అన్నా ఒకరే. కానీ గాల్ దేశానికీ ఇటలీకీ వెళ్లిన కొలంబానస్ వేరే పునీతుడు. ఇంగ్లీషు చదవగలవారు రిచర్డ్ షార్ప్ 1995 అనువాదాన్ని ఎంచుకుంటే, అందులోని వివరణలు మూలమంత విలువైనవి.

చివరగా, అసలు ప్రతిని కళ్లారా చూడండి. అడోమ్నాన్ బతికి ఉన్నప్పుడో, ఆ తరువాత కొన్నేళ్లకో, ఐయోనాలోనే డోర్బేనె అనే సన్యాసి రాసిన నకలు స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ పట్టణ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. దాని ప్రతి పేజీ ఈ-కోడిసెస్ అనే స్విస్ లిఖితప్రతుల వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. లాటిన్ రాకపోయినా ఫరవాలేదు, చివరి ఆకు దాకా వెళ్లండి. 713లో చనిపోయిన డోర్బేనె తన పేరు రాసి, కొలంబా పుణ్యకార్యాల ఈ పుస్తకాలను చదివేవారెవరైనా సరే, చనిపోయాక నాకు నిత్యజీవం దొరకాలని దేవుణ్ణి వేడుకోండి అని అక్కడ కోరుకున్నాడు.